గొంతులో పైపు ఎప్పుడు తీస్తారు? వెంటిలేటర్ మీద ఉన్న పెద్దవారి కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఐసీయూ తలుపు కొద్దిగా తెరుచుకుని "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అన్న పిలుపు వినిపిస్తే, బయట బెంచీల మీద కూర్చున్న వారందరూ ఒక్కసారే లేచి నిలబడతారు. లోపలికి వచ్చిన వారు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "పైపు ఎప్పుడు తీస్తారండీ?" ఐసీయూ వైద్యునిగా ఆ ప్రశ్నకు నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు ఎంత అసంపూర్ణంగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఈ విషయాన్ని తీరికగా వివరించాలనుకున్నాను. ఇది పెద్దవారి గురించి రాసినది, పిల్లల విషయంలో లెక్కలు వేరుగా ఉంటాయి. మీ రోగికి సంబంధించిన నిర్ణయం మంచం పక్కన నిలబడి చూస్తున్న వైద్యులదేనని, ఇక్కడ రాసినది వారితో మాట్లాడటానికి మీకు ఉపయోగపడాలన్నదే నా ఉద్దేశమని గమనించగలరు.

పైపు, వెంటిలేటర్ రెండూ ఒకటేనా?

కావు. ఈ తేడా అర్థమైతే మిగతా జవాబులన్నీ సులువుగా అర్థమవుతాయి. వెంటిలేటర్ ఊపిరితిత్తుల్లోకి గాలిని నెట్టే యంత్రం, పైపు ఆ గాలి వెళ్ళే దారి. పెద్దవారికి సాధారణంగా లోపలి వ్యాసం 7 నుంచి 8 మిల్లీమీటర్లు ఉండే ప్లాస్టిక్ ట్యూబును నోటి ద్వారా, స్వరతంత్రుల మధ్య నుంచి వాయునాళంలోకి పంపుతారు. పెదవి దగ్గర దాని మీద 21, 22, 23 వంటి అంకెలు కనిపిస్తాయి, ఎన్ని సెంటీమీటర్లు లోపల ఉందో అవి చెబుతాయి. ట్యూబు చివర చుట్టూ గాలి నింపిన చిన్న బుడగ ఉంటుంది. అది గాలి పక్క నుంచి తప్పించుకోకుండా, నోటిలోని లాలాజలం ధారగా ఊపిరితిత్తుల్లోకి దిగకుండా చాలావరకు అడ్డుకుంటుంది.

కాబట్టి మేము ప్రతి ఉదయం వేసుకునే ప్రశ్నలు రెండు. యంత్రం సాయం లేకుండా ఈ మనిషి శ్వాస తీసుకోగలరా? పైపు లేకుండా తన శ్వాసమార్గాన్ని తానే కాపాడుకోగలరా? మొదటిదానికి "అవును", రెండవదానికి "ఇంకా కాదు" అని జవాబు వచ్చే రోగులు చాలామంది ఉంటారు. తలకు దెబ్బ తగిలి స్పృహ సరిగా లేని వ్యక్తి హాయిగా ఊపిరి పీలుస్తూనే ఉంటారు, అయినా కఫం గొంతులో నిలిచిపోతే దగ్గి బయటికి తేలేరు. దీనికి విరుద్ధంగా, సీఓపీడీ అనే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఉన్న కొందరు స్పృహలో ఉంటారు, బలంగా దగ్గగలరు, కానీ ఊపిరికి ఇంకొంచెం సాయం కావాలి. అలాంటి వారికి పైపు తీసేసి, బిగుతైన మాస్కు ద్వారా ఆ సాయాన్ని కొనసాగించవచ్చు.

ఇంకో నాలుగు రోజులు ఉంచితే క్షేమం కదా, తొందరెందుకు?

ఈ ప్రశ్న వెనుక ఉన్న ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ పైపుతో గడిచే ప్రతి అదనపు రోజుకూ ఒక ఖరీదు ఉంటుంది. న్యుమోనియా ముప్పు పెరుగుతుంది, మత్తు మందులు పేరుకుంటాయి, కాళ్ళు చేతుల కండరాలు కరిగిపోతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, యంత్రమే మొత్తం పని చేస్తున్నప్పుడు డయాఫ్రమ్ అనే ప్రధాన శ్వాస కండరం చాలా త్వరగా సన్నబడుతుంది. పూర్తిగా విశ్రాంతిలో ఉన్న డయాఫ్రమ్ కండర పోగులు 18 నుంచి 69 గంటల వ్యవధిలోనే గణనీయంగా చిక్కిపోయినట్లు 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపించింది. అంటే విశ్రాంతి పేరుతో మనం ఇచ్చే రోజులే తర్వాత ఊపిరికి అడ్డంకిగా మారవచ్చు.

అలాగని తొందరపడి తీయడమూ ప్రమాదమే. తీసిన పైపును మళ్ళీ వేయవలసి వచ్చిన రోగుల్లో మరణాలు ఎక్కువగా ఉంటాయి. అందుకే రోజులు లెక్కపెట్టి కాక, పరీక్షించి తీయాలి.

సిద్ధంగా ఉన్నారని ఎలా తెలుస్తుంది?

ముందు చూసేది, ఏ కారణంతో పైపు వేశామో ఆ కారణం తగ్గుముఖం పట్టిందా అన్నది. న్యుమోనియాకు వేస్తే న్యుమోనియా తగ్గుతూ ఉండాలి. తర్వాత ఆక్సిజన్ అవసరం చూస్తాం: గాలిలో ఆక్సిజన్ వాటా 40 నుంచి 50 శాతం లోపు, ఊపిరితిత్తులను తెరిచి ఉంచే పీప్ అనే ఒత్తిడి 5 నుంచి 8 లోపు ఉంటే చాలు అనుకుంటాం. రక్తపోటును నిలబెట్టే మందులు ఆగిపోయి ఉండాలి, లేదా చాలా తక్కువ మోతాదులో ఉండాలి. రోగి తనంతట తాను శ్వాస మొదలుపెడుతూ ఉండాలి. ఇవన్నీ ఒక్కరోజులో కుదరాలని లేదు, కానీ ఇవి కుదిరాయా లేదా అని చూడటం మాత్రం ఒక్కరోజు కూడా మానకూడదు.

మత్తు తగ్గిస్తే విలవిల్లాడుతున్నారు. నిద్రపుచ్చి ఉంచడమే మేలు కదా?

కళ్ళు తెరిచి, పైపు కొరుకుతూ, ఏదో చెప్పాలని తపిస్తున్న మనిషిని చూడటం ఇంటివారికి చాలా కష్టం. అయినా మత్తు తగ్గించకుండా మెదడు ఎలా ఉందో, దగ్గు ఎంత బలంగా ఉందో తెలుసుకునే మార్గం లేదు. 2000లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన అధ్యయనంలో, రోజుకొకసారి మత్తు ఆపిన రోగులు సగటున 4.9 రోజులు వెంటిలేటర్ మీద ఉంటే, అలా ఆపని వారు 7.3 రోజులు ఉన్నారు. 2008లో మరో అధ్యయనం ఉదయం మత్తు ఆపడాన్నీ, ఆ వెంటనే శ్వాస పరీక్ష చేయడాన్నీ జోడించి మంచి ఫలితాలు చూపించింది. ఇప్పుడు చాలా ఐసీయూలు అదే పద్ధతిని పాటిస్తున్నాయి.

మత్తు ఆపడమంటే నొప్పి మందు ఆపడం కాదు. నొప్పికి మందు కొనసాగుతుంది. ఆ సమయంలో మీరు లోపల ఉండే అవకాశం ఇస్తే, చేయి పట్టుకుని ఈ రోజు ఏ వారమో, ఎక్కడ ఉన్నారో, ఎందుకు మాట రావడం లేదో నెమ్మదిగా చెప్పండి. పైపు స్వరతంత్రుల మధ్య ఉన్నందున గొంతు రాదని, తీశాక మాట వస్తుందని తెలిస్తే చాలామంది కుదుటపడతారు. ఇంట్లో వాడే కళ్ళజోడు, వినికిడి యంత్రం తెచ్చి ఇవ్వండి. చూపు ఆనక, మాట వినపడక గందరగోళ పడుతున్న వారికి మందుల కంటే అవే ముందు పనిచేస్తాయి.

శ్వాస పరీక్ష అంటే ఏమిటి?

పైపు లోపల ఉండగానే, యంత్రం ఇచ్చే సాయాన్ని దాదాపుగా తీసేసి, రోగి సొంతంగా ఎంతసేపు ఊపిరి తీసుకోగలరో చూడటమే ఈ పరీక్ష. రెండు విధాలుగా చేస్తారు. ఒకటి, వెంటిలేటర్‌ను పూర్తిగా విడదీసి, పైపు చివర టీ ఆకారంలో ఉండే గొట్టం పెట్టి దాని ద్వారా ఆక్సిజన్ పంపడం, దీన్ని టీ-పీస్ అంటాం. రెండవది, వెంటిలేటర్‌కే ఉంచి 5 నుంచి 8 సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి సమానమైన స్వల్ప సాయం మాత్రమే ఇవ్వడం. పరీక్ష అరగంట నుంచి రెండు గంటల వరకు సాగుతుంది.

ఈ పరీక్ష వెనుక ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు యంత్రం సాయాన్ని రోజుకింత చొప్పున, మెట్లు దిగినట్లు తగ్గించేవారు. 1995లో స్పెయిన్ వైద్యులు నాలుగు పద్ధతులను పోల్చి చూసి, రోజుకొకసారి ఇలా పరీక్షించి పాసైతే పైపు తీయడమే, మెట్లుగా తగ్గించే పద్ధతుల కంటే రెండు మూడు రెట్లు త్వరగా రోగులను యంత్రం నుంచి విడిపించిందని చూపించారు. 2019లో అదే దేశంలో 1,153 మందిపై జరిగిన మరో అధ్యయనంలో, స్వల్ప సాయంతో అరగంట పరీక్ష ఎదుర్కొన్న వారిలో 82.3 శాతం మంది, టీ-పీస్ మీద రెండు గంటలు గడిపిన వారిలో 74 శాతం మంది విజయవంతంగా పైపు లేకుండా నిలబడ్డారు. పరీక్ష ఎంత కఠినంగా ఉంటే అంత మంచిదన్న పాత నమ్మకం నాకూ ఉండేది. ఇప్పుడు లేదు. అవసరానికి మించి అలసగొట్టే పరీక్ష, బయటపడగలిగిన మనిషిని లోపలే ఉంచేస్తుంది.

పరీక్ష జరుగుతుండగా మేము తెర మీది అంకెల కంటే మనిషినే ఎక్కువగా చూస్తాం. శ్వాస నిమిషానికి 35 దాటి అలాగే సాగినా, ఆక్సిజన్ 90 శాతం కిందికి దిగినా, గుండె వేగం 140 దాటినా పరీక్ష ఆపుతాం. ఆ అంకెలు మారకముందే నుదుటి మీద చెమట పడుతుంది, మెడ కండరాలు బిగుసుకుంటాయి, డొక్కలు ఎగరడం మొదలవుతుంది. అనుభవం ఉన్న నర్సు దూరం నుంచే "ఈయన అలసిపోతున్నారు సార్" అంటుంది. ఆ మాటను నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను.

పరీక్షలో నిలవలేకపోతే?

యంత్రం సాయం మళ్ళీ ఇచ్చి, రోగిని హాయిగా విశ్రాంతి తీసుకోనిస్తాం. సాధారణంగా మరుసటి రోజు మళ్ళీ ప్రయత్నిస్తాం. ఈ మధ్యలో చేయవలసిన అసలు పని, ఎందుకు నిలవలేదో వెతకడం. శరీరంలో నీరు ఎక్కువగా ఉందా? పొటాషియం, ఫాస్ఫేట్ తగ్గాయా? ఛాతీలో నీరు చేరిందా? మత్తు ఇంకా దిగలేదా? గుండె సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వెంటిలేటర్ ఒత్తిడి ఛాతీలోకి తిరిగి వచ్చే రక్తాన్ని కొంత తగ్గించి, బలహీనమైన గుండెకు తెలియకుండానే ఊతమిస్తుంది. ఆ ఒత్తిడి తీసేయగానే గుండె మీద ఒక్కసారి భారం పడి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఆయాసం వస్తుంది. చూసేవారికి ఊపిరితిత్తులు ఇంకా బాగుపడలేదనిపిస్తుంది, నిజానికి మందు కావలసింది గుండెకు.

మొదటి ప్రయత్నంలో నిలవకపోవడం అరుదు కాదు. మూడు ప్రయత్నాలు లేదా వారం రోజుల లోపు బయటపడే వారు చాలామంది ఉంటారు.

పరీక్ష పాసయ్యారన్నారు, మరి పైపు ఎందుకు తీయలేదు?

మొదట చెప్పిన రెండవ ప్రశ్న ఇక్కడ వస్తుంది. దగ్గు బలంగా ఉందా, కఫం ఎంత వస్తోంది, గంటకు ఎన్నిసార్లు పీల్చి తీయవలసి వస్తోంది, చెప్పిన మాట విని చేయి నొక్కగలరా అని చూస్తాం. నీళ్ళలా ఉండే కొద్దిపాటి కఫాన్ని చాలామంది దగ్గి తీసుకోగలరు. చిక్కగా, గంటకొకసారి నిండిపోయే కఫాన్ని నీరసించిన మనిషి తీసుకోలేరు.

ఇంకొక కారణం వాపు. పైపు రోజుల తరబడి ఒరుసుకున్న చోట స్వరపేటిక వాచి ఉంటే, తీయగానే దారి ఇరుకవుతుంది. మహిళల్లో, ఆరేడు రోజులకు మించి పైపు ఉన్నవారిలో, పైపు వేయడం కష్టమైనవారిలో ఈ భయం ఎక్కువ. ఇలాంటి వారికి బుడగలోని గాలి తీసి, పైపు పక్క నుంచి గాలి తప్పించుకుంటోందా అని చూస్తాం. తప్పించుకుంటుంటే దారి ఉన్నట్టు. ఏమీ తప్పించుకోకపోతే కనీసం నాలుగు గంటల ముందు స్టెరాయిడ్ ఇచ్చి, ఆ తర్వాత తీస్తాం. కాబట్టి "రేపు తీస్తాం" అని చెబితే అది తప్పనిసరిగా చెడ్డ వార్త కాదు.

పురుగుల మందు తాగినవారికి, పాము కరిచినవారికి వేరే లెక్క ఉంటుందా?

ఉంటుంది, మన ఆంధ్ర, తెలంగాణ జిల్లాల ఐసీయూల్లో ఈ రోగులు తరచుగా కనిపిస్తారు కనుక కాస్త వివరంగా చెప్పాలి. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుల మందు లోపలికి వెళ్ళినవారు మొదటి రోజు చెమటలు, నురగ, కఫంతో ప్రమాదంలో పడి, అట్రోపిన్ అనే విరుగుడు మందుతో తేరుకుని, లేచి కూర్చుని మాట్లాడే స్థితికి వస్తారు. అయితే 24 నుంచి 96 గంటల మధ్య కొందరిలో మెడ, భుజాలు, శ్వాస కండరాలు మళ్ళీ బలహీనపడతాయి. దీన్ని వైద్యులు ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. దీనికి మొదటి గుర్తు ఏ యంత్రంలోనూ కనిపించదు. దిండు మీద నుంచి తల ఎత్తమంటే మనిషి ప్రయత్నిస్తారు, గడ్డం కొద్దిగా కదులుతుంది, తల మాత్రం లేవదు. అలాంటి వారికి ఆక్సిజన్ అంకెలు బాగున్నంత మాత్రాన పైపు తీయకూడదు. తల ఎత్తి కనీసం ఐదు సెకన్లు నిలపగలిగిన రోజు మాకు కొంత ధైర్యం వస్తుంది.

కట్లపాము కాటులో కనురెప్పలు వాలిపోయి, కాళ్ళు చేతులు కదలక, మనిషి స్పృహలో లేనట్లు కనిపించవచ్చు. చాలాసార్లు లోపల పూర్తి మెలకువతో ఉంటారు, అన్నీ వింటుంటారు. దయచేసి వారి మంచం పక్కన ఏడుపులు, అప్పుల లెక్కలు వద్దు. విషం దెబ్బతీసిన నరాల చివర్లు తిరిగి పనిచేయడానికి రోజులు పడుతుంది, విరుగుడు ఇచ్చిన గంటలోనే లేచి కూర్చోరు. ఓపిక పడితే వీరిలో చాలామంది పూర్తిగా కోలుకుని, పైపు తీయించుకుని, నడిచి ఇంటికి వెళతారు.

తీసేటప్పుడు ఏం చేస్తారు? నొప్పి ఉంటుందా?

ముందే ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం ఆపి, పొట్టలో మిగిలినది బయటికి లాగుతారు. అవసరమైతే మళ్ళీ పైపు వేసే సామగ్రి అంతా మంచం పక్కన సిద్ధంగా పెడతారు. తల వైపు మంచాన్ని బాగా ఎత్తి కూర్చోబెడతారు. పైపులోనూ, నోటిలోనూ, బుడగ పైన నిలిచిన చోటా కఫాన్ని సక్షన్‌తో శుభ్రంగా తీస్తారు. బుగ్గల మీది ప్లాస్టర్ విప్పుతారు. సిరంజితో బుడగలోని గాలి మొత్తం లాగి, "గట్టిగా ఊపిరి తీసుకోండి" అని చెప్పి, ఆ ఊపిరి నిండిన క్షణంలో పైపును ఒకే కదలికలో బయటికి తీస్తారు. మనిషి వెంటనే దగ్గుతారు, ఆ దగ్గే మాకు కావలసింది. నోరు మళ్ళీ శుభ్రం చేసి, ఆక్సిజన్ పెట్టి, స్టెతస్కోపును మెడ మీద ఆనించి వింటాం. తర్వాత పేరు అడుగుతాం. బొంగురు గొంతుతో వచ్చే ఆ పేరు వింటే దారి తెరిచి ఉందని తెలుస్తుంది.

పైపు బయటికి రావడానికి కొన్ని సెకన్లే పడుతుంది. పెద్ద నొప్పి ఉండదు, ఇబ్బంది, వాంతి వచ్చేలాంటి భావం ఉంటాయి. సిబ్బంది నిండుగా ఉండే పగటి వేళే తీయడం నాకు ఇష్టం.

పైపు తీశాక మాస్కు ఎందుకు పెట్టారు? పరిస్థితి విషమించిందా?

చాలాసార్లు అది ముందుజాగ్రత్త. 65 ఏళ్ళు దాటినవారికి, గుండె జబ్బు లేదా దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి పైపు తీసిన వెంటనే మాస్కు ద్వారా ఒత్తిడితో కూడిన గాలి, మధ్యమధ్యలో ముక్కు ద్వారా అధిక వేగంతో వెచ్చని ఆక్సిజన్ ఇస్తాం. ఫ్రాన్స్‌లో 641 మందిపై జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, ఈ రెండూ కలిపి ఇచ్చినవారిలో వారం లోపు మళ్ళీ పైపు అవసరమైనవారు 11.8 శాతం, ముక్కు ఆక్సిజన్ మాత్రమే ఇచ్చినవారిలో 18.2 శాతం.

మొదటి రెండు రోజుల్లో ఏ ప్రమాదాలు రావచ్చు? మళ్ళీ పైపు వేయవలసి వస్తుందా?

తీసిన కొద్దిసేపటికే ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడల్లా కీచుమనే శబ్దం వస్తే, అది స్వరపేటిక వాపు. నెబ్యులైజర్‌లో అడ్రినలిన్, స్టెరాయిడ్ ఇస్తాం. ఆయాసం నెమ్మదిగా పెరగడం, కఫం గురగురలాడటం, మగతగా మారడం మిగతా హెచ్చరికలు.

అన్ని పరీక్షలూ పాసైనవారిలోనూ 10 నుంచి 20 శాతం మందికి రెండు మూడు రోజుల్లో మళ్ళీ పైపు అవసరమవుతుంది. దీన్ని ఎవరి తప్పుగానూ చూడవద్దని నా విన్నపం. ఒక్కరికి కూడా మళ్ళీ వేయవలసిన అవసరం రాని ఐసీయూ ఉంటే, అక్కడ చాలామందికి అవసరం తీరాక కూడా పైపు ఉంచేస్తున్నారని అర్థం. నిజమైన ప్రమాదం ఆలస్యం. పైపు తీశాక శ్వాస విఫలమవుతున్న రోగులకు మాస్కుతో నెట్టుకొస్తే ఏమవుతుందో 2004లో ఒక పెద్ద అధ్యయనం పరిశీలించింది. మాస్కు పెట్టినవారిలో 25 శాతం, పెట్టనివారిలో 14 శాతం మంది చనిపోయారు. మళ్ళీ పైపు వేయాలంటూ వైద్యులు సంతకం అడిగితే, "ఇంకొంచెం చూద్దాం" అనే మాటను ఆలోచించి అనండి.

దాహం అంటున్నారు. కాసిని మంచినీళ్ళు పట్టవచ్చా?

అడగకుండా పట్టవద్దు. ఈ ఒక్క జవాబైనా గుర్తుంచుకోమని ప్రతి కుటుంబాన్నీ వేడుకుంటాను. రోజుల తరబడి పైపు ఉన్న గొంతుకు మింగే ఒడుపు పోతుంది, స్పర్శ కూడా మందగిస్తుంది. మామూలు మనిషికి పొలమారితే దగ్గు వస్తుంది. వీరిలో కొందరికి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రాదు, బయటికి ఏమీ తెలియదు, మర్నాటికి జ్వరం, ఆయాసం మొదలవుతాయి. మంచి మనసుతో పట్టిన రెండు గుటకల కొబ్బరినీళ్ళ వల్ల మళ్ళీ పైపు పడిన రోగులను చూశాను. సిబ్బంది మొదట చెంచాతో కొద్దిగా ఇచ్చి మింగడం పరీక్షిస్తారు. పలుచని నీళ్ళ కంటే చిక్కటి జావ మింగడం తరచుగా సులభం. అప్పటివరకు తడిపిన గుడ్డతో పెదవులు, నాలుక తుడిస్తే దాహం బాధ చాలా తగ్గుతుంది.

చేతులు ఎందుకు కట్టారు?

గందరగోళంలో పైపు లాగేసుకుంటారనే భయంతో. అలా లాగేసుకున్నవారిలో దాదాపు సగం మందికి మళ్ళీ పైపు వేయవలసి వస్తుంది. మిగతా సగం మందికి ఆ అవసరం రాదంటే, వారికి మేమే ముందుగా తీసి ఉండవలసిందేమో అని ఆలోచించాలి. కట్టడం చివరి మార్గం కావాలి. మీరు పక్కన కూర్చుని చేయి పట్టుకోగలిగితే కట్లు విప్పమని అడగండి.

గొంతుకు రంధ్రం చేస్తామంటున్నారు. అంటే ఇక ఆశ లేదా?

అలా కాదు. ఒకటి రెండు వారాలు గడిచినా పైపు తీసే పరిస్థితి రాకపోతే ట్రకియాస్టమీ గురించి మాట్లాడతాం. నోరు ఖాళీ అవుతుంది, మత్తు అవసరం తగ్గుతుంది, కఫం తీయడం తేలికవుతుంది. మొదటి నాలుగు రోజుల్లోనే చేయడం వల్ల ప్రాణాలు అదనంగా నిలవలేదని 2013లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనం తేల్చింది, కాబట్టి కంగారు పడవలసిన పనీ లేదు. అవసరం తీరాక ఆ గొట్టం తీసేస్తే రంధ్రం చాలామందిలో దానంతట అదే మూసుకుంటుంది.

కోలుకునే అవకాశం లేదన్నప్పుడు పైపు తీయమని అడగవచ్చా?

అడగవచ్చు. గౌరవంగా మరణించే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది, 2023 జనవరిలో ఆ విధానాన్ని కొంత సులభతరం చేసింది. ఆసుపత్రిలో ప్రాథమిక, ద్వితీయ వైద్య మండళ్ళు రెండూ పరిశీలించి అంగీకరించాలి. అప్పుడు పైపు తీసే ముందే ఆయాసం, బాధ తెలియకుండా మందులు ఇస్తారు. "తీసుకెళ్ళిపోతాం" అని సంతకం పెట్టి దారిలో ఊపిరాడక పోనివ్వడం కంటే, ఈ సంగతి వైద్యులతో సూటిగా మాట్లాడటం రోగికి మేలు.

గొంతు ఎప్పటికి బాగవుతుంది? ఏవేవో జరిగాయంటున్నారు, అవి నిజమా?

బొంగురు చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. కొన్ని వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించాలి. ఇంటికి వెళ్ళాక ఊపిరి తీసేటప్పుడు శబ్దం, మెట్లెక్కితే ఆయాసం కొత్తగా మొదలైతే ఆలస్యం చేయవద్దు, వాయునాళం ఇరుకవడం వారాల తర్వాత కూడా బయటపడవచ్చు.

తమను ఎవరో కట్టేశారని, గోడల మీద పురుగులు పాకాయని, నర్సులు తమను చంపాలని చూశారని కొందరు చెబుతారు. మత్తు, జబ్బు కలిసి సృష్టించిన ఆ దృశ్యాలు వారికి అక్షరాలా జరిగినట్లే ఉంటాయి. "అదంతా నీ భ్రమ" అని కొట్టిపారేయకండి. ఏ రోజు పైపు వేశారు, ఏ రోజు జ్వరం తగ్గింది, ఎవరు వచ్చి చూసి వెళ్ళారు అని మీరు ఒక నోటు పుస్తకంలో రోజూ రెండు ముక్కలు రాసి ఉంచితే, తర్వాత వారితో కలిసి కూర్చుని చదవవచ్చు. తమ జీవితంలో ఖాళీగా మిగిలిన ఆ రోజులను చాలామంది అలాగే పూరించుకుంటారు.